దూరవిద్యలో డాక్టరేట్: దళారి మాట, చట్టం మాట, మన మాట

ఆనందపురం నుంచి ఒక తండ్రి ఇటీవల చేతిలో కరపత్రంతో మా వద్దకు వచ్చారు. జాతీయ రహదారి పక్కన పంక్చర్ల దుకాణం ఆయన జీవనాధారం. కుమార్తెకు డిగ్రీ చదువుతుండగానే పెళ్లయింది. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆమె దూరవిద్యలో సోషియాలజీ ఎం.ఏ. పూర్తి చేసింది. ఇప్పుడు దగ్గరలోని ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెబుతోంది. డాక్టరేట్ చేయాలన్నది ఆమె కోరిక. "ఇంటివద్దనే పీహెచ్‌డీ, ప్రవేశ పరీక్ష లేదు, హాజరు అక్కర్లేదు, రెండేళ్లలో పట్టా" అని ఆ కరపత్రం చెబుతోంది. రుసుము లక్షల్లో ఉంది, వాయిదాల సౌకర్యమూ ఉంది. ఆ తండ్రి మమ్మల్ని అడిగింది ఒక్కటే ప్రశ్న: "సార్, ఇది నిజమేనా? నిజమైతే దుకాణం మీద అప్పు తెస్తాను."

నిజం కాదని చెప్పడానికి మాకు నిమిషం పట్టలేదు. కానీ ఆయన వెళ్లిపోయాక ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఇలాంటి కరపత్రాలు మన బస్తీలకు ఎందుకు వస్తున్నాయి? ఒక పంక్చర్ దుకాణదారు కూతురి చదువుకోసం అప్పుకు సిద్ధపడ్డాడంటే అది ఆనందించవలసిన విషయం. ఆ ఆనందాన్ని దళారి చేతిలో ఎవరు పెట్టారు? ఈ వ్యాసంలో మేము మూడు మాటలు విడదీసి చెప్పదలిచాం. దళారి చెప్పేది ఏమిటి, చట్టం చెప్పేది ఏమిటి, మనం అడగవలసింది ఏమిటి.

చట్టం చెప్పేది

మొదట చట్టం సంగతి. దూరవిద్యా విధానంలో ఎం.ఫిల్., పీహెచ్‌డీ నిర్వహించరాదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, 2009 నిబంధనల్లోనే నిర్దేశించింది. 2016 నిబంధనల్లో దానిని పునరుద్ఘాటించింది. 2022 నవంబరులో వచ్చిన నిబంధనలు దూరవిద్యతో పాటు ఆన్‌లైన్ విధానాన్ని కూడా నిషేధించాయి. అంతకు కొద్దిరోజుల ముందే, విదేశీ విద్యాసంస్థలతో కలిసి కొన్ని కంపెనీలు ఇస్తామంటున్న ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ సంయుక్తంగా ప్రజలను హెచ్చరించాయి. కనుక "దూరవిద్యలో పీహెచ్‌డీ" అన్న మాట ఏ కరపత్రంలో కనిపించినా దానిని అక్కడే పక్కన పెట్టవచ్చు.

నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. విశాఖపట్నం చిరునామాతోనే ఒక సంస్థ ఆ జాబితాకెక్కింది. కాబట్టి ఇది ఎక్కడో ఢిల్లీలోనో, బీహారులోనో జరిగే మోసమని అనుకోవద్దు. మన ఊరి బోర్డులను కూడా ఆ జాబితాతో సరిపోల్చి చూసుకోవాలి.

అయితే ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. దూరవిద్యలో డాక్టరేట్ లేదంటే, దూరవిద్యలో చదివినవారికి డాక్టరేట్ లేదని అర్థం కాదు. యూజీసీ గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం నుంచి దూరవిద్యలో పొందిన డిగ్రీ, పీజీ పట్టాలు రెగ్యులర్ పట్టాలతో సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ మరోమారు స్పష్టం చేసింది. అంటే ఆనందపురం అమ్మాయి చదివిన ఎం.ఏ. చెల్లుతుంది. నిర్దేశిత మార్కులు, సాధారణంగా 55 శాతం, ఉంటే ఆమె ఏ విశ్వవిద్యాలయం తలుపైనా తట్టవచ్చు. నాన్-క్రీమీలేయర్ ఓబీసీలకు ఇందులో 5 శాతం సడలింపు ఉంది. కేంద్ర ఓబీసీ జాబితా వేరు, రాష్ట్ర బీసీ జాబితా వేరు. తాను చేరదలచిన సంస్థ ఏ జాబితాను పరిగణిస్తుందో బీసీ-ఇ ధ్రువపత్రం ఉన్నవారు దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోవాలి.

ఉద్యోగం చేస్తూ, సంసారం నడుపుతూ పరిశోధన చేయదలచిన వారికి చట్టం ఒక దారి ఉంచింది. అది పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. దీనికి ప్రవేశ పరీక్ష తప్పదు, ఇంటర్వ్యూ తప్పదు. కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ పూర్తి చేయాలి. ప్రతి సెమిస్టరులో ఒకసారి పరిశోధనా సలహా సంఘం ముందు హాజరై పని ఎంతవరకు వచ్చిందో చూపాలి. పనిచేసే చోటు నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. చదువుకు అనుమతిస్తున్నామని, పరిశోధనకు చాలినంత సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సువర్క్ కోసం విధుల నుంచి విడుదల చేస్తామని యజమాని అందులో రాసివ్వాలి. కోర్సువర్క్‌తో కలిపి కనీస కాలపరిమితి మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. పునర్నమోదుతో మరో రెండేళ్లు పెంచుకోవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుగా మొత్తం మీద 240 రోజుల వరకు ఇవ్వవచ్చు. యూజీసీ గుర్తించిన ఆన్‌లైన్ కోర్సులను కోర్సువర్క్‌లో భాగంగా తీసుకునేందుకు సలహా సంఘం సిఫారసు చేయవచ్చన్న వెసులుబాటు కూడా 2022 నిబంధనల్లో ఉంది. ఈ సంగతులు తెలిసిన ఇల్లు మన బస్తీల్లో ఎన్ని ఉన్నాయి? తెలియకపోవడమే దళారికి పెట్టుబడి.

దళారిని అడగవలసినవి

కరపత్రం పట్టుకొచ్చిన వ్యక్తిని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ప్రవేశ పరీక్ష ఎప్పుడు? గైడ్ ఎవరు? కోర్సువర్క్ ఏ విభాగంలో? రుసుము ఎవరి ఖాతాకు? గైడ్ అనే వ్యక్తి ఆ విశ్వవిద్యాలయంలోనో, దాని అనుబంధ కళాశాలలోనో నియమిత అధ్యాపకుడై ఉండాలి. ఒకే సమయంలో ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి మార్గదర్శకత్వం వహించరాదు. ఈ లెక్క తెలిస్తే "ఎందరినైనా చేర్చుకుంటాం" అన్న మాట అబద్ధమని వెంటనే తేలిపోతుంది. సిద్ధాంత గ్రంథం కూడా తామే రాసిపెడతామన్న వారు మరింత ప్రమాదకరం. గ్రంథచౌర్యంపై 2018 నిబంధనల ప్రకారం 60 శాతానికి మించి నకలు తేలితే ఆ పరిశోధకుని నమోదే రద్దవుతుంది. డబ్బు తీసుకున్నవాడు ఆనాటికి మరో ఊరిలో కరపత్రాలు పంచుతుంటాడు. మచ్చ మాత్రం మన పిల్లల పేరు మీద మిగులుతుంది.

ఈ డాక్టరేట్ మనకెందుకు?

"టీచరు ఉద్యోగం ఉంది కదా, ఈ వయసులో పీహెచ్‌డీ ఎందుకు?" అని ఆ అమ్మాయిని ఇరుగుపొరుగు అడుగుతున్నారట. ఆ ప్రశ్నకు సమాధానం మన ఇటీవలి చరిత్రలోనే ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. బీసీ కమిషన్‌ను సంప్రదించలేదన్న లోపంతో అది హైకోర్టులో నిలవలేదు. 2005లో కమిషన్ సిఫారసుతో చట్టం తెచ్చారు. వెనుకబాటును నిర్ధారించిన అధ్యయనం సరిగా లేదంటూ హైకోర్టు దానినీ కొట్టివేసింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక, బీసీ కమిషన్ సిఫారసుల ఆధారంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం కల్పించారు. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దానినీ తోసిపుచ్చింది. సమాచార సేకరణ ఎంత శాస్త్రీయంగా జరిగిందన్న ప్రశ్న అక్కడా ఎదురైంది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్లనే ఆ 4 శాతం అమలులో కొనసాగి, వేలాది పిల్లలు వృత్తివిద్యా కళాశాలల మెట్లు ఎక్కారు.

ఈ వరుసను జాగ్రత్తగా చదవండి. మన పేదరికం అబద్ధమని ఏ న్యాయస్థానమూ అనలేదు. దానిని ఎలా కొలిచారు, ఎందరిని అడిగారు, ఏ ప్రమాణంతో పోల్చారు అని అడిగింది. ఊరేగింపుతో, వినతిపత్రంతో ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. నమూనా ఎలా తీయాలో, ప్రశ్నావళి ఎలా రాయాలో, అంకెలు చెప్పేదేమిటో, చెప్పనిదేమిటో తెలిసినవారు కావాలి. అదే సామాజిక శాస్త్ర పరిశోధన. తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో నివేదిక సమర్పించినప్పుడు దాని వెనుక అర్థశాస్త్ర, సామాజిక శాస్త్ర పరిశోధకుల శ్రమ ఉంది. 2006 నాటి సచార్ కమిటీ నివేదికను ఈనాటికీ మనం ప్రతి సభలోనూ ఉటంకిస్తున్నామంటే, అందులోని అంకెలను ఎవరూ తేలికగా తోసిపుచ్చలేకపోవడమే కారణం.

ఆ నివేదిక చెప్పిన ఒక్క విషయం గుర్తు చేసుకుందాం. ప్రఖ్యాత కళాశాలల్లో డిగ్రీ చదివేవారిలో 25 మందికి ఒక్కరు, పీజీ చదివేవారిలో 50 మందికి ఒక్కరు మాత్రమే ముస్లింలు. మెట్టు పెరిగేకొద్దీ మన సంఖ్య సగానికి పడిపోతోంది. పీజీ తరువాతి మెట్టు పీహెచ్‌డీ. కేంద్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2020-21లో ఉన్నత విద్యలో చేరిన మొత్తం విద్యార్థుల్లో ముస్లింలు 4.6 శాతం. 2011 జనాభాలో మన వాటా 14.2 శాతం. మన గురించి జరిగే పరిశోధనలో మనం సమాచారం ఇచ్చేవారిగానే మిగిలి, రాసేవారిగా ఉండటం లేదన్న మాట.

ఉత్తరాంధ్రలో ఈ లోటు ఇంకా ఎక్కువ. ఇక్కడ మన సంఖ్య రాయలసీమతో, గుంటూరుతో పోలిస్తే చాలా తక్కువ. తక్కువ సంఖ్యలో ఉన్నవారు సర్వేల నమూనాలో సులభంగా జారిపోతారు. ఆనందపురం–పెందుర్తి–అనకాపల్లి రహదారి ఆరు వరుసలుగా విస్తరించినప్పుడు రోడ్డు పక్క చిన్న దుకాణాలు ఎటు కదిలాయి? ఆనందపురం పూల మార్కెట్టులో తెల్లవారుజామున మూటలు మోసేవారు, మాలలు కట్టే ఆడవారు ఎవరు, వారి పిల్లలు ఏ తరగతి వరకు చదువుతున్నారు? పోర్టులో, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పనిలో ఉన్న మన కుటుంబాల స్థితి ఏమిటి? పదో తరగతి తరువాత మన ఆడపిల్లలు చదువు మానడానికి కారణం పేదరికమా, దూరమా, భయమా, పెళ్లా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. ఆ వీధిలో నివసించే మనిషి కావాలి. తలుపు తడితే లోపలికి రమ్మని చాయ్ ఇచ్చే పరిచయం కావాలి. ఆనందపురం అమ్మాయికి అది పుట్టుకతో వచ్చింది. ఇక ఆమెకు కావలసింది పద్ధతి, మార్గదర్శకత్వం.

దారి ఉంది, నడవనివ్వడం లేదు

దూరవిద్యలో పీహెచ్‌డీ వద్దన్న యూజీసీ నిర్ణయాన్ని మేము గుడ్డిగా వ్యతిరేకించడం లేదు. గైడ్ ముఖం చూడకుండా, గ్రంథాలయం గడప తొక్కకుండా పట్టాలు పంచడం మొదలైతే పరిశోధనకు విలువ ఉండదు. ఆ విలువ పోతే ముందుగా నష్టపోయేది పేదవారే. పలుకుబడి ఉన్నవారికి పట్టా విలువతో పనిలేదు. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ, దక్షిణాఫ్రికాలోని యునీసా దూరం నుంచే పరిశోధక విద్యార్థులను తీర్చిదిద్దుతున్నాయి గదా అని కొందరు వాదిస్తారు. నిజమే. కానీ అక్కడ దూరం ఉన్నది విద్యార్థికి, భవనానికి మధ్యనే. గైడ్ పర్యవేక్షణకు, విద్యార్థికి మధ్య కాదు. కరపత్రం అమ్ముతున్నది ఆ రెండో దూరాన్ని.

మా అభ్యంతరం వేరు. దూరవిద్య తలుపు మూసిన చేత్తోనే పార్ట్‌టైమ్ తలుపును నిజంగా తెరవాలి. ప్రస్తుతం అది ఓరగా మాత్రమే తెరిచి ఉంది.

ఆ అమ్మాయి స్థానంలో నిలబడి చూడండి. ఆమె పనిచేసేది ప్రైవేటు బడి. కోర్సువర్క్ కోసం విడుదల చేస్తామని రాసిచ్చే యాజమాన్యాలు ఎన్ని? నిరభ్యంతర పత్రం అడిగితే ఉద్యోగమే మానుకోమనే చోట్లు మనకు తెలుసు. ఇంట్లో కుట్టుపని చేసుకునే మహిళకైతే ఆ పత్రం ఇచ్చే యజమానే లేడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆనందపురానికి బస్సులో గంట ప్రయాణం. మధురవాడ, హనుమంతవాక దాటి మద్దిలపాలెంలో దిగి, తరగతి ముగించుకుని, బడి వదిలే వేళకు పిల్లల కోసం తిరిగి రావాలి. ఆ గంట పటంలో దగ్గరే. ఆమె దినచర్యలో మాత్రం చాలా దూరం. గంభీరంలో ఐఐఎం భవనాలు ఆమె ఊరి మండలంలోనే వెలిశాయి. విద్యాసంస్థ పక్కకు వచ్చినంత మాత్రాన విద్య పక్కకు రాదని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఇక ప్రవేశ పరీక్ష. 2024 నుంచి నెట్ మార్కులను పీహెచ్‌డీ ప్రవేశాలకు కూడా పరిగణించే విధానాన్ని యూజీసీ తెచ్చింది. భాషా సబ్జెక్టులు మినహా ఆ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మాధ్యమంలోనో, ఉర్దూ మాధ్యమంలోనో సోషియాలజీ చదివినవారు తమకు తెలిసిన విషయాన్ని తెలియని భాషలో రుజువు చేసుకోవాలి. హిందీలో చదివినవారికి ఉన్న సౌకర్యం తెలుగువారికి ఎందుకు లేదు?

మూడోది డబ్బు. మైనారిటీ పరిశోధకుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేస్తున్నట్లు కేంద్రం 2022 డిసెంబరులో పార్లమెంటులో ప్రకటించింది. ఇతర పథకాలు ఉన్నాయి గనుక ఇది అదనమన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఓబీసీ జాబితాలో చోటులేని మైనారిటీ విద్యార్థికి ఆ ఇతర పథకాలు ఎలా దక్కుతాయో ప్రభుత్వమే చెప్పాలి. ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ ఫెలోషిప్ బతికున్న రోజుల్లోనూ రెగ్యులర్, పూర్తికాలపు పరిశోధకులకే దక్కింది. బడిలో పాఠం చెప్పుకుంటూ పరిశోధించే ఆనందపురం అమ్మాయికి నాడూ లేదు, నేడూ లేదు. ఫెలోషిప్ పునరుద్ధరణ కోసం పోరాడుతున్న మనం ఈ లోపాన్ని కూడా మన కోరికల పత్రంలో చేర్చాలి.

మనం అడగవలసింది, మనం చేయవలసింది

దూరవిద్యకు ఈ దేశంలో పునాది వేసిన నేలల్లో తెలుగు నేల ముఖ్యమైనది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించింది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వెలసింది. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి సామాజిక శాస్త్రాల ఆచార్యుడే. 1985లో ఇగ్నో ఏర్పడినప్పుడు దానికీ ఆయనే తొలి ఉపకులపతి. కళాశాలకు రాలేని మనిషి వద్దకు కళాశాల వెళ్లాలన్నది ఆనాటి ఆలోచన. డిగ్రీ, పీజీల వరకు వచ్చి ఆగిన ఆ ఆలోచనను పరిశోధన గడప దాకా తీసుకువెళ్లమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

కనుక ప్రభుత్వాన్ని, విశ్వవిద్యాలయాలను మనం అడగవలసినవి ఇవి. పార్ట్‌టైమ్ పరిశోధకుల కోర్సువర్క్ శని, ఆదివారాల్లో, వేసవి సెలవుల్లో నిర్వహించాలి. ఆన్‌లైన్ కోర్సుల వెసులుబాటును కాగితం మీద వదిలేయకుండా ప్రతి విభాగం అమలుచేయాలి. యజమాని లేని గృహిణులు, స్వయం ఉపాధి పొందేవారు స్వీయ ధ్రువీకరణతో చేరగలగాలి. సామాజిక శాస్త్రాల ప్రవేశ పరీక్షలు తెలుగు, ఉర్దూ భాషల్లోనూ జరగాలి. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను పునరుద్ధరించి, అందులో కొంత భాగం పార్ట్‌టైమ్ మహిళా పరిశోధకులకు కేటాయించాలి.

అడగడంతోనే మన బాధ్యత తీరదు. పెళ్లి పందిళ్లకు, విందులకు లక్షలు వెచ్చించే సమాజం ఏడాదికి ఒక్క పరిశోధకురాలి బస్సు చార్జీలు, పుస్తకాల ఖర్చు భరించలేదా? మస్జిద్ కమిటీలు నోటీసు బోర్డుపై నమాజు వేళలతో పాటు ప్రవేశ పరీక్షల ప్రకటనలు పెట్టలేవా? మనలో ఇప్పటికే డాక్టరేట్ పొందినవారు నెలకు ఒక ఆదివారం తమ తరువాతి వారికి కేటాయించలేరా? దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో ఉచితంగా చదువుకోవచ్చు. సెల్‌ఫోన్ ఉన్న ప్రతి ఇంటికీ ఆ గ్రంథాలయం అందుబాటులో ఉంది. దానిని చూపించే పెద్దక్క, పెద్దన్న మాత్రమే కరువు. ఇంట్లో అత్తగారు, భర్త వారానికి రెండు పూటలు పిల్లలను చూసుకుంటే అది కూడా ఒక ఫెలోషిప్పే.

పట్టా ఒక్కటే పరిశోధన కాదన్నదీ మరువకూడదు. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రపై సయ్యద్ నశీర్ అహమ్మద్ తెలుగులో వెలువరించిన గ్రంథాలు మన ఇళ్లలో ఉన్నాయి. వెతికే ఓపిక, ఆధారం చూపే నిజాయితీ ఉంటే పని ఈ రోజే మొదలుపెట్టవచ్చు. పట్టా ఆ పనికి అధికారిక ముద్ర వేస్తుంది, న్యాయస్థానంలో, కమిషన్ ముందు దానికి బలం ఇస్తుంది. అందుకే పట్టా కావాలి, అందుకే అది నిఖార్సయినదై ఉండాలి.

ఆనందపురం తండ్రికి మేము చెప్పింది ఇదే. దుకాణం మీద అప్పు తేవద్దన్నాం. ఆ కరపత్రాన్ని మా వద్దే ఉంచుకున్నాం. వచ్చే ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేయించమని, పాత ప్రశ్నపత్రాలు మేము సేకరించి పంపుతామని మాట ఇచ్చాం. ఆయన వెళ్తూ గుమ్మం వద్ద ఆగి, "ఆరేళ్లు పడుతుందా సార్?" అని అడిగారు. పట్టవచ్చు, ఎనిమిదేళ్లూ పట్టవచ్చు అన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, "రోడ్డు వేయడానికీ అన్నేళ్లు పట్టింది కదా, ఉన్నాం కదా" అన్నారు. ఇలాంటి తండ్రి ప్రతి బస్తీలోనూ ఉన్నాడు. ఆయన దగ్గరికి దళారి కంటే ముందు మనం చేరాలి.